డాబా మీది ట్యాంకు నిండగానే కూసే అలారం: రెండు ట్రాన్సిస్టర్లతో ఇంట్లోనే కట్టుకోవడం

మోటారు వేసి వేరే పనిలో పడితే, ట్యాంకు నిండిన సంగతి గోడ వెంట నీళ్లు కారినప్పుడే తెలుస్తుంది. నెల్లూరు, ఒంగోలు వైపు ఎండాకాలం బోరు అడుగంటే ఇళ్లలో ఆ కారిపోయే నీళ్ల విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ కాపలా పనిని రెండు చిన్న ట్రాన్సిస్టర్లు, నాలుగు పెన్సిల్ సెల్లులు, ఒక బజరు చేసిపెడతాయి. తయారుగా అమ్మే అలారాలూ ఉన్నాయి. అవి చెడిపోతే పారేయడమే తప్ప లోపల ఏం జరిగిందో తెలియదు. చేత్తో కట్టుకున్నది ఆగిపోతే మీటరు పట్టుకుని ఎక్కడ ఆగిందో చూడొచ్చు, రూపాయి ఖర్చుతో మళ్లీ నడిపించొచ్చు. ట్రాన్సిస్టర్ నేర్చుకోవడానికి కూడా ఇంతకంటే మంచి సర్క్యూట్ లేదు. చేసే పని కంటికి, చెవికి వెంటనే తెలుస్తుంది. వచ్చే తప్పులన్నీ అర్థమయ్యే తప్పులే.

ఇది మొత్తం 6 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి వైరు చేతికి తగిలినా షాకు కొట్టదు. హైస్కూలు పిల్లలు కూడా చేయొచ్చు. అతుకులు వేసే వేడి సోల్డరింగ్ ఐరన్ దగ్గర మాత్రం పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

కొట్లో ఏం అడగాలి

టీవీ, రేడియో రిపేరు సామాను అమ్మే కొట్లో అన్నీ దొరుకుతాయి. బీసీ547 ట్రాన్సిస్టర్లు కావలసినవి రెండే అయినా ఐదు తీసుకోండి, నేర్చుకునేటప్పుడు ఒకటో రెండో పోతాయి. పేరు చివర బీ అక్షరం ఉన్నవి దొరికితే మంచిది. వాటి గెయిన్, అంటే కరెంటును ఎన్ని రెట్లు పెంచుతాయన్న లెక్క, 200 నుంచి 450 మధ్య ఉంటుంది. ఏ అని ఉంటే 110 నుంచి 220, సీ అని ఉంటే 420 నుంచి 800. మన పనికి ఏదైనా సరిపోతుంది కానీ, కింద వేసిన లెక్కలు బీ రకానికి వేసినవి.

రెసిస్టర్లు (కరెంటుకు అడ్డు పెట్టేవి, ఆ అడ్డును ఓముల్లో కొలుస్తారు) పావు వాటువి చాలు. 330 ఓములు, 10 కిలో ఓములు, 100 కిలో ఓములు, ఒక్కో రకం ఐదేసి. 330కి రంగులు నారింజ, నారింజ, గోధుమ. 10 కిలోకి గోధుమ, నలుపు, నారింజ. 100 కిలోకి గోధుమ, నలుపు, పసుపు. చివరి బంగారు గీత ఐదు శాతం తేడాను చెబుతుంది. ట్యూబులైటు కింద గోధుమ, ఎరుపు, నారింజ రంగులు ఒకేలా కనిపించి మోసం చేస్తాయి. నీలం ఒంటితో ఐదు గీతలుండే రకమైతే మరీ కష్టం. బిగించే ముందు ప్రతిదాన్నీ మీటరుతో కొలిచి పెట్టుకుంటే తర్వాత గంటసేపు తల పట్టుకోవాల్సిన పని ఉండదు.

ఒక ఎర్ర ఎల్ఈడీ, 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్ ఒకటి (అంటే 0.1 మైక్రోఫారడ్), నాలుగు పెన్సిల్ సెల్లులు పట్టే బాక్సు, ఒక చిన్న స్విచ్చి, ఒక బ్రెడ్‌బోర్డు (సోల్డర్ చేయకుండా కాళ్లు గుచ్చి కలిపే బోర్డు), దాని వైర్లు, మామూలు డిజిటల్ మల్టీమీటరు. బజరు దగ్గర మాత్రం జాగ్రత్త. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాలు అమ్ముతారు. ఒకటి బ్యాటరీ తగిలించగానే దానంతట అదే కూస్తుంది. ఇంకొకటి లోపల ఉత్త స్పీకరు లాంటిది, బ్యాటరీ తగిలిస్తే టక్‌మని ఒక్కసారి చప్పుడు చేసి ఊరుకుంటుంది. మనకు కావలసింది మొదటిది. కొట్లోనే సెల్లులు పెట్టి కూయించి చూసి తీసుకోండి.

9 వోల్టుల చదరపు బ్యాటరీ వాడమని చాలామంది చెబుతారు. అది తేలిగ్గా దొరుకుతుంది కానీ దాని నిల్వ తక్కువ, పెన్సిల్ సెల్లుల కంటే త్వరగా నీరసపడుతుంది. నాలుగు పెన్సిల్ సెల్లులే మేలు.

మూడు కాళ్ల సంగతి

బీసీ547కి ఒక వైపు చదునుగా, రాత ఉన్న ముఖం ఉంటుంది. ఆ ముఖం మన వైపు తిప్పి, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. 2ఎన్3904 అనే ఇంకో ట్రాన్సిస్టర్ అచ్చం ఇలాగే ఉంటుంది కానీ దాని కాళ్లు ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547 లేదని కొట్టువాళ్లు దాన్ని ఇస్తే తీసుకోవచ్చు, తిప్పి పెట్టాలంతే. పాత సర్క్యూట్లలో కనిపించే ఎస్ఎల్100 ఇనపటోపీ రకం. దాని అంచుకు చిన్న నాలుక ఉంటుంది, నాలుకకు దగ్గరగా ఉన్న కాలు ఎమిటర్. దాని ఒంటికి కలెక్టర్ కలిసి ఉంటుంది, కాబట్టి పక్క వైర్లకు ఒళ్లు తగలకూడదు.

అనుమానం ఉంటే మీటరే చెబుతుంది. డయోడ్ (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చేది) గుర్తు మీద పెట్టి మీటరు ఎర్ర ప్రోబు, అంటే మొన ఉన్న వైరు, బేస్ మీద, నల్లది ఎమిటర్ మీద ఆనిస్తే 0.65, 0.7 వోల్టుల ప్రాంతంలో చూపాలి. కొన్ని మీటర్లలో అది 650, 700 అని కనిపిస్తుంది. నల్లదాన్ని కలెక్టర్ మీదికి మారిస్తే దాదాపు అంతే, కానీ ఒక పిసరు తక్కువ వస్తుంది. ఎక్కువ చూపిన కాలే ఎమిటర్. ప్రోబులు తిరగేస్తే ఏమీ చూపకూడదు. కలెక్టర్, ఎమిటర్ మధ్య ఎటు పెట్టినా ఏమీ చూపకూడదు. అక్కడ సున్నాకు దగ్గరగా అంకె వస్తే ఆ ట్రాన్సిస్టర్ కాలిపోయింది, పక్కన పడేయండి.

ముందు ఒక ఎల్ఈడీ

నేరుగా అలారానికి దూకకుండా, ఒక్క ట్రాన్సిస్టర్‌తో ఎల్ఈడీ వెలిగించి చూడండి. బ్యాటరీ ప్లస్ నుంచి 330 ఓముల రెసిస్టర్, దాని నుంచి ఎల్ఈడీ పొడుగు కాలు, ఎల్ఈడీ పొట్టి కాలు కలెక్టర్‌కు. ఎమిటర్ నేరుగా బ్యాటరీ మైనస్‌కు. బేస్‌కు 10 కిలో ఓముల రెసిస్టర్ పెట్టి, దాని రెండో కొసను ప్రస్తుతానికి గాలికి వదిలేయండి. ఎల్ఈడీ వెలగదు. ఆ కొసను ప్లస్‌కు తాకించండి, వెలుగుతుంది.

చెరువు తూము దగ్గర తలుపు కొంచెం ఎత్తితే అంత నీళ్లూ కాలువలోకి పోతాయి. తలుపెత్తిన మనిషి బలం నీళ్ల బలం కాదు. బేస్‌లోకి పోయే చిన్న కరెంటు తలుపెత్తే చెయ్యి, కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు పోయే పెద్ద కరెంటు కాలువ. ఒక షరతు ఉంది. బేస్, ఎమిటర్ మధ్య 0.6 వోల్టులు దాటేదాకా ఆ తలుపు అసలు కదలదు.

లెక్క ఇలా. 6 వోల్టుల్లో ఎర్ర ఎల్ఈడీ 2 వోల్టులు తీసుకుంటుంది, పూర్తిగా తెరుచుకున్న ట్రాన్సిస్టర్ 0.2 తీసుకుంటుంది. మిగిలిన 3.8 వోల్టులను 330తో భాగిస్తే సుమారు 11.5 మిల్లీ ఆంపియర్లు. గెయిన్ 200 అనుకుంటే బేస్‌కు 0.06 మిల్లీ ఆంపియర్ సరిపోవాలి. కానీ అలా సరిగ్గా సరిపెడితే ట్రాన్సిస్టర్ సగం తెరుచుకుని, వేడెక్కుతూ, బ్యాటరీ కాస్త తగ్గగానే మొరాయిస్తుంది. స్విచ్చిలా వాడేటప్పుడు కలెక్టర్ కరెంటులో ఇరవయ్యో వంతు బేస్‌కు ఇవ్వడం మంచి పద్ధతి. 6 వోల్టుల్లో బేస్, ఎమిటర్ మధ్య 0.7 పోగా మిగిలిన 5.3 వోల్టులను 10 కిలో ఓములతో భాగిస్తే 0.53 మిల్లీ ఆంపియర్, ఇరవయ్యో వంతుకు దగ్గరగా ఉంది. ఈ రెసిస్టర్ 10 కిలోలే ఎందుకన్నదానికి జవాబు ఇదే.

ఆ రెసిస్టర్ లేకుండా బేస్‌ను నేరుగా ప్లస్‌కు తాకిస్తే? బేస్, ఎమిటర్ మధ్య ఉన్నది ఉత్త డయోడ్. అడ్డు లేని కరెంటు దాంట్లోంచి పోయి అది కాలిపోతుంది. కొత్తగా చేసేవాళ్ల ట్రాన్సిస్టర్లు ఎక్కువగా ఇక్కడే పోతాయి.

ఇప్పుడు ఆ గాలికి వదిలిన కొసను ఒక చేతి వేలితో, ప్లస్ వైరును అదే చేతి ఇంకో వేలితో పట్టుకోండి. ఎల్ఈడీ మిణుకుమంటుంది. వేళ్లు తడి చేసుకుంటే ఇంకాస్త వెలుగుతుంది. పొడి చర్మం అడ్డు పది లక్షల ఓముల ప్రాంతంలో ఉంటుంది, అంత అడ్డులోంచి వచ్చే అతి చిన్న కరెంటును కూడా ట్రాన్సిస్టర్ పెంచి చూపిస్తోంది. వేళ్ల స్థానంలో ట్యాంకు నీళ్లు పెడితే అదే మన అలారం.

నీళ్లు ఎంత కరెంటు మోస్తాయి

రెండు వైర్ల కొసలు ఒలిచి, రెండు అంగుళాల దూరంలో గ్లాసు నీళ్లలో ముంచి చూడండి. బోరు నీళ్లలో ఎల్ఈడీ బాగా వెలుగుతుంది. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలోనూ, సముద్రం పక్క ఊళ్ల చవుడు నీళ్లలోనూ కరిగిన లవణాలు ఎక్కువ కాబట్టి ఇంకా బాగా వెలుగుతుంది. అదే ఆర్ఓ ప్లాంటు నుంచి తెచ్చిన డబ్బా నీళ్లలోనో, పట్టిన వాన నీళ్లలోనో ముంచితే మసకబారుతుంది. స్వచ్ఛమైన నీళ్లు కరెంటును దాదాపు మోయవు. మోసేవి అందులోని లవణాలు.

ఒక్క ట్రాన్సిస్టర్ ఎల్ఈడీకి సరిపోయినా బజరుకు సరిపోదు. మామూలు బజరు 20, 30 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. నీళ్ల అడ్డు, బేస్ రెసిస్టర్ కలిపి 30 కిలో ఓములుంటే బేస్‌కు దక్కేది 0.18 మిల్లీ ఆంపియర్. 200తో గుణిస్తే 35. సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ నీళ్ల అడ్డు 100 కిలోలకు పెరిగితే 10 మిల్లీ ఆంపియర్ల కిందికి దిగిపోతుంది. బజరు గొంతు పట్టేసినట్టు కూస్తుంది. అందుకే రెండు ట్రాన్సిస్టర్లను ఒకదాని వెనక ఒకటి కడతాం. మొదటిది పెంచిన కరెంటును రెండోది మళ్లీ పెంచుతుంది, 200ని 200తో గుణించినంత. దీన్ని డార్లింగ్టన్ జత అంటారు.

అలారం కట్టే వరస

రెండు ట్రాన్సిస్టర్లనూ బ్రెడ్‌బోర్డు మీద కాస్త ఎడంగా గుచ్చండి. మొదటిదాని ఎమిటర్‌ను రెండోదాని బేస్‌కు కలపండి. రెండోదాని ఎమిటర్ బ్యాటరీ మైనస్‌కు. రెండింటి కలెక్టర్లనూ కలిపి, ఆ కలిసిన చోటును బజరు మైనస్ కాలికి ఇవ్వండి. బజరు ప్లస్ కాలు, స్విచ్చి మీదుగా బ్యాటరీ ప్లస్‌కు. వెలుగు కూడా కావాలంటే బజరుకు సమాంతరంగా 330 ఓములు, ఎల్ఈడీ వరసగా కట్టండి, పొడుగు కాలు ప్లస్ వైపు. రెండూ కలిపి 40 మిల్లీ ఆంపియర్లకు మించదు. బీసీ547 మోయగలిగేది 100, కాబట్టి ఇబ్బంది లేదు.

మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కు 10 కిలో ఓములు, దాని రెండో కొస నుంచి ట్యాంకుకు పోయే ఒక వైరు. ట్యాంకు నుంచి వచ్చే ఇంకో వైరు స్విచ్చి తర్వాతి ప్లస్‌కు. ఇప్పుడు ఎక్కువమంది వదిలేసే రెండు ముక్కలు: మొదటి బేస్ నుంచి మైనస్‌కు 100 కిలో ఓముల రెసిస్టర్, దాని పక్కనే 104 కెపాసిటర్. వీటిని వదిలేసిన అలారం బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది, డాబా ఎక్కాక పిచ్చిగా కూస్తుంది.

ఎందుకంటే, గెయిన్ నలభై వేలుండే జత ముందు చిన్న తేమ కూడా నీళ్లే. మంచు పడ్డ వైరు, చెమ్మ పట్టిన బోర్డు, చెయ్యి తగలడం, అన్నిటికీ అది పలుకుతుంది. 100 కిలోల రెసిస్టర్ ఆ దొంగ కరెంటును పక్కదారిలో మైనస్‌కు దింపేస్తుంది. డార్లింగ్టన్ జత తెరుచుకోవాలంటే బేస్ దగ్గర సుమారు 1.3 వోల్టులు కావాలి, రెండు ట్రాన్సిస్టర్లకూ 0.65 చొప్పున. 100 కిలోల మీద 1.3 వోల్టులు నిలవాలంటే 13 మైక్రో ఆంపియర్లు రావాలి. మిగతా 4.7 వోల్టులను 13 మైక్రో ఆంపియర్లతో భాగిస్తే సుమారు 360 కిలో ఓములు. అందులో 10 కిలోల రెసిస్టర్ పోగా, ప్రోబుల (ట్యాంకు వైర్ల నీళ్లలో మునిగే కొసల) మధ్య అడ్డు దాదాపు 350 కిలో ఓములకు తగ్గితే తప్ప అలారం పలకదు. బోరు నీళ్లూ కుళాయి నీళ్లూ అంతకంటే చాలా కిందే ఉంటాయి, తేమ సాధారణంగా పైనే ఉంటుంది. వాన నీళ్ల తొట్టికి పెట్టేవాళ్లు 100 కిలోలకు బదులు 470 కిలోలు పెట్టుకోవచ్చు.

కెపాసిటర్ పని వేరు. కింది నుంచి డాబా దాకా పదిహేను, ఇరవై మీటర్ల వైరు మోటారు వైరు పక్కనే పోతుంటే, 230 వోల్టుల కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుర్రు అందులోకి ఎక్కుతుంది. మోటారు వేయగానే బజరు సన్నగా గురగురమంటే కారణం అదే. 104 కెపాసిటర్ ఆ గుర్రును మింగేస్తుంది. వీలైతే రెండు వైర్లనూ మోటారు వైరుకు అడుగు దూరంలో తెండి.

ప్రోబులు పొడిగా ఉన్నంతసేపు ఈ సర్క్యూట్ దాదాపు ఏమీ తాగదు, సెల్లులు నెలల తరబడి నిలుస్తాయి. కానీ మోటారు ఆపాక కూడా నీళ్లు ప్రోబుల దాకానే ఉంటాయి కాబట్టి వాడకం మొదలయ్యేదాకా కూస్తూనే ఉంటుంది. స్విచ్చి పెట్టింది అందుకే. మోటారు స్విచ్చి పక్కనే ఈ స్విచ్చిని బిగించి, మోటారు వేసినప్పుడు దీన్నీ వేయడం, ఆపినప్పుడు దీన్నీ ఆపడం అలవాటు చేసుకోవాలి.

ట్యాంకులో ప్రోబులు

సర్క్యూట్ ఎంత బాగా కట్టినా ఏడాది తిరిగేసరికి చెడేది ఇక్కడే. ఉత్త రాగి వైరు ముంచితే, నీళ్లలో ఒకే దిక్కుకు కరెంటు పోవడం వల్ల ప్లస్ వైపు వైరు కొద్దికొద్దిగా కరిగి పచ్చగా చిలుము పడుతుంది. ఆ చిలుము మనం తాగే నీళ్లలోకే పోతుంది. ఇనప మేకు తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు రెండు, ఒక్కోటి రెండంగుళాల పొడవున్నవి తీసుకోండి. స్టీలుకు మామూలు సోల్డర్ అంటుకోదు, దాంతో కుస్తీ పట్టొద్దు. వైరు కొసకు రింగు లగ్గు (గుండ్రటి రేకు ముక్క) నొక్కి, నట్టు, వాషర్ల మధ్య బిగించండి. ఆ బిగింపు ఎప్పుడూ నీళ్లకు పైనే ఉండాలి, స్క్రూ కొస మాత్రమే మునగాలి.

రెండు స్క్రూలనూ ఒకే చెక్క ముక్కకు బిగించొద్దు. చెక్క నీళ్లు పీల్చుకుని, నీళ్లు దిగినా తడి ఆరక అలారం ఆగదు. ప్లాస్టిక్ పట్టీ అయితే పరవాలేదు కానీ ఉప్పు నీళ్లు ఆరిన చోట తెల్లటి పొర కట్టి, చెమ్మ తగిలితే అదీ కరెంటు మోస్తుంది. రెండు స్క్రూలనూ రెండంగుళాల ఎడంగా విడివిడిగా వేలాడదీయడం అన్నిటికంటే నమ్మకం. నీళ్లు పడే పైపుకు దూరంగా, ట్యాంకు అవతలి అంచున పెట్టండి, లేకపోతే చిందే నీళ్లకే కూస్తుంది.

ఎత్తు ఎంత? పొర్లు పైపుకు 5 సెంటీమీటర్లు కింద. మీటరు వెడల్పున్న గుండ్రటి ట్యాంకులో 5 సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 39 లీటర్లు పడతాయి. నిమిషానికి 40 లీటర్లు పోసే మోటారైతే, కూత విని లేచి స్విచ్చి దగ్గరికి రావడానికి మీకు నిమిషం టైముంటుంది. ముసలివాళ్లుండే ఇల్లయితే 10 సెంటీమీటర్లు పెట్టండి, బిగింపు మునగకుండా స్క్రూలూ అంతకంటే పొడుగువి తీసుకోండి.

గట్టి బోరు నీళ్లు ఉన్న చోట రెండు మూడు నెలలకు స్క్రూల మీద సున్నం పొర కడుతుంది. ఆ పొర గట్టిపడితే మునిగినా అలారం పలకదు. నానబెట్టిన చింతపండుతోనో నిమ్మచెక్కతోనో తోమితే పోతుంది. నాలుగు నెలలకోసారి ట్యాంకు కడిగేటప్పుడే దీన్నీ చేస్తే వేరే పని పెట్టుకోనక్కర్లేదు.

సోల్డరింగ్

బ్రెడ్‌బోర్డు మీద సరిగా పనిచేశాకే జనరల్ పర్పస్ బోర్డు (కాళ్లు దూర్చి సోల్డర్ చేసే చిల్లుల బోర్డు) మీదికి మార్చండి. 25 వాట్ల ఐరన్, లోపల రోజిన్ ఉన్న 60/40 సోల్డర్ వైరు చాలు. ఐరన్ మొనను తడి స్పాంజికి తుడిచి, రాగి చుక్కనూ కాలినీ కలిపి రెండు సెకన్లు వేడి చేసి, సోల్డర్‌ను ఐరన్‌కు కాక ఆ కాలికి అందించండి. కరిగి చుట్టూ పాకుతుంది. ఐరన్ తీశాక ఆరేదాకా కదపకూడదు. మెరుస్తూ, గుడారంలా కాలి చుట్టూ వాలి ఉంటే మంచి అతుకు. బూడిద రంగులో, ముత్యంలా గుండ్రంగా నిలబడితే అది అంటుకోలేదు, పైకి తాకినట్టు కనిపిస్తుంది కానీ కరెంటు పోదు. రెసిస్టర్లు ముందు, కెపాసిటర్ తర్వాత, ట్రాన్సిస్టర్లు చివర్లో. ట్రాన్సిస్టర్ కాలి మీద ఐదు సెకన్లకు మించి ఐరన్ పెట్టొద్దు.

సోల్డర్ అంటుకోవడానికి రాసే పేస్టు (ఫ్లక్సు) గురించి గట్టిగా చెప్పాలి. రేకు పనికి వాడే ఆమ్లం ఉన్న ఫ్లక్సు ఈ బోర్డు మీద ముట్టించొద్దు. మామూలు డబ్బా పేస్టు వాడినా అది బోర్డు మీద జిగటగా మిగిలి తేమను పీలుస్తుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో గాలిలోనే ఉప్పు, చెమ్మ ఉంటాయి. ఆ పేస్టు పొర మీద అవి చేరితే బేస్, ప్లస్ చుక్కల మధ్య కొన్ని వందల కిలో ఓముల దారి తయారవుతుంది. పగలు మౌనంగా ఉండి తెల్లవారుజామున దానంతట అదే కూసే అలారానికి చాలాసార్లు రోగం ఇదే. పని అయ్యాక పాత టూత్‌బ్రష్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి బోర్డు అడుగు తోమి, ఆరాక, రంగు లేని గోళ్ల పాలిష్ ఒక పూత వేయండి. బోర్డును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇంట్లోనే, మోటారు స్విచ్చి దగ్గర బిగించండి. డాబా మీదికి వైర్లే పోవాలి, బోర్డు కాదు.

పలకకపోతే, ఆగకపోతే

ట్యాంకు ఎక్కకముందే, కిందనే రెండు ప్రోబు వైర్లనూ ఒకదానికొకటి తాకించండి. గట్టిగా కూయాలి. కూయకపోతే మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్‌కు ఆనించి, వైర్లు తాకించి ఉంచే మొదటి బేస్ దగ్గర కొలవండి. 1.2, 1.4 మధ్య రావాలి. సున్నా వస్తే ప్లస్ అక్కడిదాకా రావడం లేదు, వైరో 10 కిలోల అతుకో తెగింది, లేదా బేస్ మైనస్‌కు తగులుతోంది. 0.65 మాత్రమే వస్తే మొదటి ఎమిటర్ ఎక్కడో నేరుగా మైనస్‌కు తగులుతోంది. 5.4 వస్తే బేస్ నుంచి కరెంటు లోపలికి పోవడమే లేదు. 10 కిలో, 100 కిలో రెసిస్టర్లు పంచుకున్న వోల్టేజి అది. మొదటి ఎమిటర్‌కూ రెండో బేస్‌కూ మధ్య అతుకు, రెండో ఎమిటర్ నుంచి మైనస్‌కు పోయే అతుకు చూడండి.

బేస్ దగ్గర 1.3 సరిగ్గా ఉండి బజరు పలకకపోతే కలెక్టర్లు కలిసిన చోట కొలవండి. 0.8 ప్రాంతంలో ఉంటే ట్రాన్సిస్టర్లు పని చేస్తున్నాయి, బజరు తిరగబడింది లేదా పాడైంది. ఎల్ఈడీ పెట్టని బోర్డులో అక్కడ 6 వోల్టులే ఉంటే కలెక్టర్ కాళ్లు ఆ చోటికి అందలేదు. కూత నీరసంగా వస్తుంటే సెల్లులు చూడండి, తర్వాత కాళ్లు చూడండి. కలెక్టర్, ఎమిటర్ తారుమారైనా ట్రాన్సిస్టర్ కొంచెం పని చేస్తుంది, కానీ గెయిన్ పదో వంతుకు కూడా రాదు. ఈ తప్పు అందుకే త్వరగా దొరకదు.

ఆగకుండా కూస్తుంటే ముందు ట్యాంకు వైర్లు బోర్డు దగ్గర విప్పండి. ఆగిందంటే తప్పు బయట, వైరు అతుకులో చెమ్మ, ప్రోబుల మధ్య తడి. ఆగకపోతే మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌ను మైనస్‌కు వైరుతో తాకించండి. ఇప్పుడు ఆగితే బోర్డు మీది తేమ, పేస్టు. అప్పటికీ ఆగకపోతే రెండింటిలో ఒక ట్రాన్సిస్టర్ కాలి కలిసిపోయింది, తీసి మీటరుతో చూడాలి.

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి, పిడుగులూ ఉంటాయి. డాబా మీద పొడుగాటి వైరు ఉన్నప్పుడు దగ్గర్లో పిడుగు పడితే ట్రాన్సిస్టర్లు పోవచ్చు. బోర్డు దగ్గర వైర్లకు ఊడదీసే కనెక్టరు పెట్టుకుని, ఉరుములు మొదలవ్వకముందే ఊడదీయండి. ఉరుముతున్నప్పుడు ఆ వైరు ముట్టుకోవద్దు, డాబా ఎక్కొద్దు.

ఇదే సామానుతో చీకటి దీపం

నీళ్ల బదులు వెలుతురును చూసే సర్క్యూట్‌కు ఒక ఎల్‌డీఆర్ (వెలుతురు పడితే అడ్డు తగ్గే రెసిస్టర్), 100 కిలోల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) అదనంగా కొంటే చాలు. మొదట కట్టిన ఒక్క ట్రాన్సిస్టర్ ఎల్ఈడీ సర్క్యూట్ తీసుకుని, 10 కిలోల కొసను ప్రీసెట్ మీదుగా ప్లస్‌కు, ఎల్‌డీఆర్‌ను బేస్ నుంచి మైనస్‌కు కలపండి. వెలుతురులో ఎల్‌డీఆర్ అడ్డు కొన్ని కిలో ఓములకు పడిపోయి బేస్ 0.6 దాటదు, దీపం ఆరి ఉంటుంది. చీకట్లో అడ్డు లక్షల్లోకి పెరిగి దీపం వెలుగుతుంది. ప్రీసెట్ విలువ పెంచేకొద్దీ ఇంకా చీకటి పడ్డాక వెలుగుతుంది. 10 కిలోల రెసిస్టర్ ఇక్కడ కూడా ఉండాల్సిందే. అది లేకుండా ప్రీసెట్‌ను చివరికి తిప్పితే ట్రాన్సిస్టర్ పోతుంది. ఎల్ఈడీ వెలుగు ఎల్‌డీఆర్ మీద పడితే దీపం సగం సగం వెలుగుతుంది, కాబట్టి ఎల్‌డీఆర్‌ను నల్ల పెన్ను మూతలో దూర్చి ఆకాశం వైపు పెట్టండి. రాత్రంతా వెలిగే దీపానికి సెల్లులు తొందరగా అయిపోతాయి. పాత ఫోను ఛార్జరు 5 వోల్టులు ఇస్తుంది, దాంతో విలువలేవీ మార్చకుండానే నడుస్తుంది.

మోటారు దానంతట అదే ఆగాలంటే

బజరు స్థానంలో 12 వోల్టుల రిలే (కాయిల్‌లో కరెంటు పోతే దానంతట అదే మారే స్విచ్చి) పెట్టొచ్చు. 400 ఓముల కాయిల్ అయితే 30 మిల్లీ ఆంపియర్లే తాగుతుంది. సరఫరా 12కు పెరిగింది కాబట్టి 100 కిలోలకు బదులు 47 కిలోలు పెట్టాలి, లేకపోతే తేమకు రెట్టింపు పలుకుతుంది. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కు. రిలే ఆగే క్షణంలో కాయిల్ వంద వోల్టులు దాటిన దెబ్బ కొట్టగలదు, బీసీ547 తట్టుకునేది 45 మాత్రమే. డయోడ్ ఆ దెబ్బను తనలో తిప్పుకుంటుంది. నీళ్ల అలలకు రిలే టకటకలాడకుండా 104 పక్కన 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపండి, మైనస్ కాలు బ్యాటరీ మైనస్‌కు.

కానీ ఆ చిన్న రిలే కాంటాక్టులోంచి మోటారు కరెంటు నేరుగా పంపొద్దు. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడే ఐదారు ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు. ఆ దెబ్బకు కాంటాక్టులు అతుక్కుపోతే మోటారు ఇక ఆగదు. చిన్న రిలే, కాంటాక్టరు (పెద్ద కరెంటు మోసే రిలే) కాయిల్‌ను మాత్రమే నడపాలి, మోటారును కాంటాక్టరు నడపాలి. ఆ 230 వోల్టుల భాగాన్ని మెయిన్ ఆపి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే బిగించండి. ట్యాంకు వైర్లను కరెంటు వైర్లున్న పైపులోంచి ఎప్పుడూ తీయొద్దు.